రోజూ గడ్డం గీసుకునేవాళ్లకు పాత రెండు బ్లేడ్ల రేజర్లలో ఏది మేలు?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మధ్యలో చదివేవాళ్లకు అర్థం కావాలి కాబట్టి. అడిగినాయనకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో ఉద్యోగం. మీసం ఉంచుకోవచ్చు గానీ గడ్డం మాత్రం రోజూ నున్నగా ఉండాలి. ఇప్పుడు ఐదు బ్లేడ్ల రేజర్ వాడుతున్నారు. రీఫిల్ ఖర్చు భారంగా ఉంది, పైగా దవడ కింద, మెడ మీద ఎర్రటి పొక్కులు వస్తున్నాయి. ఇంట్లో నాన్నగారివి పాత రెండు బ్లేడ్ల రేజర్లు మూడున్నాయట: సెవెన్ ఓ క్లాక్ పీ-టూ, జిలెట్ వెక్టర్ ప్లస్, జిలెట్ సెన్సర్ ఎక్సెల్. వీటిలో రోజువారీకి ఏది మంచిది, అసలు వెనక్కి పాత రేజర్‌కి మారొచ్చా అని అడిగారు.

మారొచ్చు. రోజూ గీసుకునే గడ్డానికి రెండు బ్లేడ్లు చాలు. గీత ఎంత బాగుందనేది ఒక్కటే చూస్తే మూడింటిలో సెన్సర్ ఎక్సెల్‌దే పైచేయి. కానీ మీకు నేను వెక్టర్ ప్లస్ చెబుతాను. దానికి కారణం రేజర్‌లో లేదు, రీఫిల్‌లో ఉంది. పాత రేజర్ ఎంచుకునేటప్పుడు హ్యాండిల్‌ని చూసి కాదు, వచ్చే ఏడాది కూడా దానికి అసలైన రీఫిల్ దొరుకుతుందా అని చూసి ఎంచుకోవాలి. పీ-టూ చెడ్డదేమీ కాదు, దాన్ని పట్టుకునే పద్ధతి అలవాటైతే మీసం కట్ చేసుకోవడంలో దానికి సాటి లేదు. అయితే మెడ మీద పొక్కులున్న మనిషి మొదలుపెట్టాల్సింది దానితో కాదు.

ఇక వివరంగా. విజయవాడలో మాది షేవింగ్, ఫ్యాన్సీ సామాన్ల షాపు. సెలూన్లకు బ్లేడ్ల ప్యాకెట్లు హోల్‌సేల్‌గా, ఇళ్లవాళ్లకు రేజర్లు, రీఫిల్స్ విడిగా అమ్ముతాం. మా నాన్నగారి కాలం నుంచీ ఇదే వ్యాపారం. కౌంటర్‌లో కూర్చునేవాడికి ఒక సౌకర్యం ఉంటుంది. కొన్నవాడు నెల తర్వాత మళ్లీ వస్తాడు, బాగుంటే ఒక మాట, బాగోకపోతే పది మాటలు చెప్పి పోతాడు. నేను కూడా రోజూ గీసుకునేవాణ్ణే, అదీ రెండు బ్లేడ్లతోనే. కాబట్టి కింద రాసేది కొంత నా చెంప మీద తెలిసింది, ఎక్కువ భాగం కౌంటర్ అవతలి నుంచి విన్నది.

రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జ్, అంటే హ్యాండిల్‌కి తగిలించే బ్లేడ్ల తల, మొట్టమొదట 1971లో అమెరికాలో వచ్చింది, జిలెట్ ట్రాక్ టూ అని. ఇంగ్లండ్‌లో దాన్నే జీ-టూ అన్నారు. దాని తల కదలదు, హ్యాండిల్‌కి బిగిసి ఉంటుంది. 1977లో ఆట్రా వచ్చింది, అందులో తల అటూ ఇటూ ఊగుతుంది. 1985లో ఆట్రా ప్లస్‌కి పైన ఒక పట్టీ పెట్టారు, తడి తగిలితే జిగురుగా, జారుడుగా అయ్యే పట్టీ. 1990లో సెన్సర్, అందులో రెండు బ్లేడ్లూ విడివిడిగా స్ప్రింగుల మీద కూర్చుంటాయి. కొన్నేళ్లకు సెన్సర్ ఎక్సెల్, బ్లేడ్ల ముందు మెత్తటి రబ్బరు గీతలతో. 1998లో మూడు బ్లేడ్ల మాక్ త్రీ రావడంతో కంపెనీ దృష్టంతా అటు మళ్లింది. మీ నాన్నగారి అల్మారాలో ఈ మూడు తరాలూ వరసగా ఉన్నాయన్నమాట. పీ-టూ మన దేశంలో అమ్మిన ట్రాక్ టూ తరహా, వెక్టర్ ఆట్రా తరహా, మూడోది సెన్సర్ ఇంటిదే.

రెండో బ్లేడు ఎందుకు? మొదటి బ్లేడు వెంట్రుకని కోస్తూనే కాస్త బయటికి లాగుతుంది. అది వెంటనే లోపలికి పోదు, ఒక్క క్షణం అలాగే నిలబడి ఉంటుంది. ఆ క్షణంలో వెనక వచ్చే రెండో బ్లేడు దాన్ని ఇంకొంచెం కిందికి కోస్తుంది. ఆ తర్వాత మిగిలిన మొదలు చర్మం లోపలికి జారుతుంది. అందుకే ఒకే బ్లేడుతో గీసుకున్నదాని కంటే నున్నగా అనిపిస్తుంది. మూడు, నాలుగు, ఐదు బ్లేడ్లు పెట్టినా సూత్రం ఇదే. ఒక్కో బ్లేడు పెరిగేకొద్దీ కొత్తగా వచ్చే నునుపు తగ్గుతూ పోతుంది. చర్మం మీద పడే రాపిడి మాత్రం తగ్గదు. ఐదు బ్లేడ్ల రేజర్‌తో ఒకే చోట మూడుసార్లు గీస్తే అక్కడ చర్మం మీద పదిహేను అంచులు నడిచినట్టు. రెండు బ్లేడ్లతో అయితే ఆరు. నిన్న గీసుకున్న గడ్డం ఇవాళ ఎంత పెరిగి ఉంటుంది? దానికి పదిహేను అంచులు అక్కర్లేదు.

ఇక్కడే ఇంకో సంగతి. మీ పొక్కులకు కారణం కూడా చాలావరకు ఇదే అయ్యుండొచ్చు. చర్మం కిందికి తెగిన వెంట్రుక, అందులోనూ రింగు తిరిగిన వెంట్రుక, మళ్లీ పైకి వచ్చేటప్పుడు దారి తప్పి పక్కనున్న చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఒంటికి అది ముల్లు దిగినట్టే, కాబట్టి చుట్టూ వాచి ఎర్రబడుతుంది. మెడ మీద ఎక్కువ రావడానికి కారణం, అక్కడ వెంట్రుకలు ఒకే వైపు పెరగవు. కొన్ని కిందికి, కొన్ని అడ్డంగా, గొంతుముడి పక్కన కొందరికి పైకి కూడా. అన్నీ కిందికే పెరుగుతున్నాయనుకుని గీస్తే సగం చోట్ల ఎదురు గీస్తున్నట్టే. రెండు బ్లేడ్లకు మారితే ఈ సమస్య పూర్తిగా పోతుందని చెప్పను, ఎందుకంటే రెండో బ్లేడు చేసే పని కూడా అదే. తగ్గుతుంది. దానితోపాటు గీసే పద్ధతి మారితే ఇంకా తగ్గుతుంది.

రోజూ గీసుకునేవాళ్లకు అని పదే పదే ఎందుకు అంటున్నానంటే, నాలుగైదు రోజుల గడ్డానికి ఈ పాత కార్ట్రిడ్జ్‌లు పనికిరావు. ముఖ్యంగా పీ-టూ. రెండు బ్లేడ్ల మధ్య సందులో పొడవాటి వెంట్రుకలు, నురగ కలిసి గట్టిపడతాయి, కుళాయి కింద పెట్టినా కదలవు. ఆదివారం ఆదివారం గీసుకునేవాళ్లు మా షాపుకొచ్చి ఈ రేజర్లను తిట్టడం మామూలే. అదే మనిషి రోజూ గీసుకోవడం మొదలుపెడితే ఆ మాటే రాదు. పొట్టి గడ్డం సందులో ఇరుక్కోదు, నీళ్లలో ఒకసారి ఆడిస్తే పోతుంది.

ఇప్పుడు మూడు రేజర్ల గురించి.

పీ-టూ. తల కదలదు కాబట్టి కోణం మీ మణికట్టే చూసుకోవాలి. బరువైన లోహపు హ్యాండిల్ అయితే ఇంకా బాగుంటుంది, నొక్కే అవసరం ఉండదు. కార్ట్రిడ్జ్ ముందు అంచు, వెనక అంచు రెండూ చర్మానికి ఆనేలా పట్టుకుంటే కోణం దానంతట అదే సరిగ్గా కుదురుతుంది. చాలామంది హ్యాండిల్‌ని మరీ కిందికి వంచుతారు, అప్పుడు బ్లేడు కోయడం మానేసి గీకుతుంది. చెంపలు చదునుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఇబ్బందే లేదు. గడ్డం కొన దగ్గర, దవడ ఎముక మలుపు దగ్గర చేయి తిప్పాలి. ఇది వచ్చినవాడికి పీ-టూ ఇచ్చినంత అదుపు ఊగే తల ఇవ్వదు. మీసం కింది అంచు, చెంప మీద మీసం కొస, కలం (చెవి ముందు దిగే జుట్టు) కింద గీత — వీటికి చిన్న తల, కదలని తల ఉన్న రేజరే కావాలి. మా దగ్గరికి వచ్చే పెద్దమనుషుల్లో మీసం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు ఇదే అడుగుతారు, లేదంటే ఇదే తరహాలో వాడి పారేసేవి ఒకటో రెండో తీసుకెళ్తారు. చవకగా దొరికే రెండు బ్లేడ్ల డిస్పోజబుల్స్‌లో చాలావరకు ఈ కదలని తల వంశానికి చెందినవే.

మరి మీకు ఎందుకు వద్దన్నాను? ఉదయం షిఫ్టుకి టెన్షన్‌గా బయల్దేరే మనిషి మణికట్టు మీద దృష్టి పెట్టడు. మెడ దగ్గర కోణం తప్పితే ఆ పొక్కుల తలలే తెగుతాయి. పొక్కులు తగ్గాక వాడండి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

వెక్టర్ ప్లస్. తల ఊగుతుంది, జారుడు పట్టీ ఉంటుంది, హ్యాండిల్ తేలిక. చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. దవడ కింది నుంచి మెడకి దిగేటప్పుడు తల దానంతట అదే వంగుతుంది కాబట్టి కొత్తవాళ్లకు గాట్లు తక్కువ. గీత నునుపు విషయంలో పీ-టూకి, దీనికి పెద్ద తేడా నేను చూడలేదు. తేడా ఉన్నది తప్పు చేసినా ఎంతవరకు సహిస్తుందనే దాంట్లో.

వెక్టర్ గురించి ఒక కథ ఉంది, బ్లేడ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లకు నచ్చే కథ. మనవాళ్ల గడ్డం దట్టం, రోజూ గీసుకోరు, కాబట్టి బ్లేడ్ల మధ్య వెంట్రుకలు ఇరుక్కుంటాయని గమనించి 2002లో మన దేశం కోసం తెచ్చిన వెక్టర్‌కి ఒక చిన్న ప్లాస్టిక్ పుల్ల పెట్టారు. దాన్ని నొక్కితే సందులో ఇరుక్కున్నది బయటికి నెట్టేస్తుంది. దాన్ని ముందుగా పరీక్షించింది ఎవరి మీదో తెలుసా? అమెరికాలో ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల మీద. వాళ్లందరూ బాగుందన్నారు. ఇక్కడ అమ్మకానికి పెట్టాక జనం పెదవి విరిచారు. కారణం చాలా చిన్నది. అక్కడ విద్యార్థుల బాత్‌రూముల్లో కుళాయి నీళ్లు ధారగా వస్తాయి. ఇక్కడ లక్షలమంది గీసుకునేది ఒక మగ్గులో నీళ్లు పెట్టుకుని. ఆ పుల్లని మళ్లీ పైకి తేవడానికి నీటి ధార లేదు, అది కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత కంపెనీవాళ్లు మన ఊళ్లకు వచ్చి, ఇళ్లల్లో కూర్చుని, మగవాళ్లు ఎలా గీసుకుంటున్నారో చూసి తయారుచేసిందే 2010లో వచ్చిన జిలెట్ గార్డ్. ఒకే బ్లేడు, అప్పట్లో రేజర్ 15 రూపాయలు, రీఫిల్ 5 రూపాయలు. దాని సంగతి చివర్లో చెబుతాను, అది మీకూ పనికొచ్చే రేజరే.

ఈ కథలోంచి మీకు కావాల్సింది ఒక్కటే. ఏ రెండు బ్లేడ్ల రేజర్ అయినా మగ్గులో ముంచితే సరిగ్గా శుభ్రం కాదు. కుళాయి ఉంటే కార్ట్రిడ్జ్ వెనక వైపు నుంచి ధార పట్టండి, ముందు నుంచి కాదు. మగ్గే ఉంటే నీళ్లలో పెట్టి గట్టిగా అటూ ఇటూ ఆడించండి, మగ్గు అంచుకి కొట్టొద్దు. కొడితే బ్లేడు అంచు దెబ్బతింటుంది, ఊగే తల కీలు కూడా వదులవుతుంది.

సెన్సర్ ఎక్సెల్. బండికి షాకబ్జార్బర్లు ఉన్నట్టు ఇందులో బ్లేడ్లకు విడివిడిగా స్ప్రింగులు. ఎత్తుపల్లాలు వచ్చినచోట ఒక్కో బ్లేడు తన మటుకు తాను లోపలికి తగ్గుతుంది. ఆ ముందున్న రబ్బరు గీతలు చర్మాన్ని కొద్దిగా సాగదీసి వెంట్రుకని నిలబెడతాయి. వెనక భాగం తెరిచి ఉంటుంది కాబట్టి నీళ్లు ధారాళంగా పోతాయి, ఇరుక్కోవడం మిగతా రెండింటి కంటే బాగా తక్కువ. రెండు బ్లేడ్లలో ఇంతకంటే మంచి కార్ట్రిడ్జ్ రాలేదనేది నా అభిప్రాయం. తర్వాత బ్లేడ్ల సంఖ్య పెంచుకుంటూ పోయారు గానీ, ఇక్కడే ఆగి ఉంటే నాలాంటివాళ్లకు సంతోషంగా ఉండేది.

లోపాలు లేకపోలేదు. రబ్బరు గీతల వల్ల ముక్కు కింద, మీసం అంచున బ్లేడు ఎక్కడుందో కనిపించదు. మీరు మీసం ఉంచుకుంటే దానికి వేరే సాధనం కావాల్సిందే. అసలు లోపం మాత్రం రీఫిలే. మా వైపు షాపుల్లో అది కనిపించడం అరుదైపోయింది. తెప్పించుకుంటే ఖర్చు మాక్ త్రీ రీఫిల్‌కి దగ్గరగా పోతుంది, అప్పుడు మీరు అడిగిన పొదుపు ఎక్కడ మిగిలింది? అమెరికాలో ఉన్నవాళ్లయితే వేరే సంగతి. అక్కడ సెన్సర్ రీఫిల్స్ అమ్ముతారు, ట్రాక్ టూ, ఆట్రా హ్యాండిల్స్‌కి పట్టే కార్ట్రిడ్జ్‌లు మందుల షాపుల సొంత పేర్లతో కూడా చవకగా దొరుకుతాయి. అక్కడి నుంచి వచ్చే బంధువులెవరైనా ఉంటే ఒక ప్యాకెట్ తెమ్మనండి, బరువేమీ కాదు.

ఏది దేనికి పడుతుంది? ఇది రోజూ వినే ప్రశ్న. ట్రాక్ టూ, పీ-టూ ఒక కుటుంబం. ఆట్రా, వెక్టర్ ఒక కుటుంబం. సెన్సర్, సెన్సర్ ఎక్సెల్, సెన్సర్ త్రీ ఒక కుటుంబం. కుటుంబం లోపల మారుస్తూ వాడుకోవచ్చు, ఒక కుటుంబం రీఫిల్ ఇంకో కుటుంబం హ్యాండిల్‌కి పట్టదు. సెన్సర్ త్రీ మూడు బ్లేడ్లది, అయినా మీ నాన్నగారి ఎక్సెల్ హ్యాండిల్‌కి పడుతుంది. అలాగే పాత లోహపు ఆట్రా హ్యాండిల్ ఎవరి దగ్గరైనా దొరికితే వదలకండి, వెక్టర్ రీఫిల్ దానికి తగిలించి చూడండి. వెక్టర్ మీద ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు, హ్యాండిల్ మరీ తేలికగా ఉండటం, అది కూడా తీరిపోతుంది.

రీఫిల్ నకిలీల గురించి హెచ్చరించకపోతే ఈ సమాధానం సగమే అవుతుంది. ఆన్‌లైన్‌లో తెలియని అమ్మకందారు దగ్గర, సంతల్లో, విడి రీఫిల్స్ సగం ధరకి కనిపిస్తాయి. ఒకసారి మాకే ఒక సప్లయర్ అలాంటి సరుకు అంటగట్టాడు. అట్ట మీద అక్షరాలు కాస్త మసకగా ఉన్నాయి, కార్ట్రిడ్జ్ హ్యాండిల్‌కి తగిలించాక వదులుగా కదులుతోంది. మొత్తం డబ్బా వెనక్కి పంపేశాం. మీరు చూడాల్సినవి ఇవే: ప్యాకెట్ సీలు, తయారీ నెల, బ్యాచ్ నంబరు, ఎంఆర్‌పీ స్పష్టంగా ఉన్నాయా, తగిలించినప్పుడు క్లిక్‌మని బిగిసిందా, జారుడు పట్టీ తడిపితే నిజంగా జారుతోందా. వదులుగా ఉన్న కార్ట్రిడ్జ్‌ని ముఖం మీద అసలు పెట్టొద్దు. బ్లేడు మొద్దుబారితే మంటతో పోతుంది, ఇది గీస్తుండగా ఊడిందంటే లోతుగా కోస్తుంది.

నాన్నగారి అల్మారాలో సీలు తీయని పాత రీఫిల్స్ ఉన్నా వాడుకోవచ్చు. బ్లేడు స్టెయిన్‌లెస్ స్టీలు, పొడిగా ఉంటే ఏళ్ల తరబడి చెడదు. జారుడు పట్టీ మాత్రం ఎండిపోయి పసుపుగా మారి ఉంటుంది, దాని వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. ఆయన వాడి ఉంచిన రీఫిల్ మాత్రం వద్దు. తండ్రీకొడుకులే కదా అనుకోవద్దు. కనిపించనంత చిన్న గాటు చాలు, హెపటైటిస్ బి, సి లాంటివి రక్తం ద్వారా అంటుకోవడానికి. సెలూన్లలో ప్రతి మనిషికీ కొత్త బ్లేడు పెట్టేది ఇందుకే. హ్యాండిల్‌కి ఆ ఇబ్బంది లేదు. వేడి నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో కీలు దగ్గర, సందుల్లో తోమండి. పేరుకున్న సబ్బు, ఉప్పు పోతాయి.

ఉప్పు అన్నాను కాబట్టి నీళ్ల సంగతి. హైదరాబాద్‌లో మీరుండే అపార్టుమెంటులో బోరు నీళ్లయితే సబ్బు సరిగ్గా నురగ రాదు, బ్లేడు మీద తెల్లటి పొర కడుతుంది. చాలామంది బ్లేడు అయిపోయిందనుకుని పారేసేవాటిలో కొన్ని నిజానికి ఉప్పు పట్టినవే. గీసుకోవడానికి ఒక్క గ్లాసు తాగే నీళ్లు వేడి చేసి పెట్టుకోండి, నురగకీ, చివర్లో రేజర్ కడగడానికీ అది చాలు. తర్వాత నీళ్లు విదిలించి, తల పైకి ఉండేలా గాలి ఆడేచోట నిలబెట్టండి. బాత్‌రూములో బకెట్ అంచున వదిలేయొద్దు. టవల్‌తో తుడవొద్దు కూడా, అంచు మీద పల్చటి పూత ఉంటుంది, అదీ అంచూ రెండూ పాడవుతాయి.

బ్లేడు ఎలా మొద్దుబారుతుందో తెలుసుకుంటే దాన్ని ఎక్కువ రోజులు నిలబెట్టుకోవడం తేలిక. వెంట్రుక స్టీలు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన. అయినా స్టీలే ఓడిపోతుంది. 2020లో ఎంఐటీ పరిశోధకులు దీన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. అంచు అరిగి గుండ్రబడటం కంటే ముందు చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతోందని తేలింది. వెంట్రుక పక్కకి వంగి బ్లేడుకి ఏటవాలుగా తగిలినప్పుడు, అంచులో బలహీనమైన చోటు దొరికితే, ఒక్క వెంట్రుక కూడా పెచ్చు లేపగలదట. ఎండు గడ్డం మీద రేజర్ పెట్టేవాళ్ల రీఫిల్స్ త్వరగా పోవడం మేం కౌంటర్‌లో చూస్తూనే ఉంటాం. వెంట్రుక నీళ్లు బాగా పీల్చుకుంటే కోయడానికి పట్టే బలం చాలా తగ్గుతుంది. దానికి రెండు మూడు నిమిషాల తడి కావాలి. స్నానం అయిన వెంటనే గీసుకోవడం అన్నిటికంటే సులువు. కుదరకపోతే గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుని, నురగ రాసి, ఆ నురగ ముఖం మీద ఉండగానే పళ్లు తోముకుని రండి. ఫోమ్ డబ్బాలు వద్దనను గానీ, బ్రష్‌తో రుద్దిన క్రీము గడ్డాన్ని ఎక్కువ తడిపి ఉంచుతుంది, ఖర్చూ తక్కువ.

గీసే పద్ధతి, మీ మెడ కోసం. రాత్రి ఒకసారి మెడ మీద వేళ్లు అన్ని వైపులా నడిపి చూడండి. ఎటు పోతే నున్నగా ఉందో అటు వెంట్రుకలు పెరుగుతున్నట్టు. ఎక్కడ ఏ దిక్కో గుర్తుపెట్టుకోండి. మొదటి గీత ఎప్పుడూ ఆ దిక్కుకే. రెండోసారి కావాలంటే మళ్లీ నురగ రాసి అడ్డంగా. ఎదురు గీత మెడ మీద ప్రస్తుతానికి మానేయండి, చెంపల మీద ఎప్పుడైనా పరవాలేదు. చర్మం మడత పడకుండా సరిచేసుకోవాలి గానీ బిగలాగి పట్టుకోవద్దు. బిగలాగితే వెంట్రుక ఇంకా లోపలికి తెగుతుంది, మీ సమస్యే అది. నొక్కొద్దు, రేజర్ బరువు చాలు. గీతలు పొట్టిగా, ఒక అంగుళం, అంగుళంన్నర. అయిపోయాక చల్లటి నీళ్లు. గాటు పడితే పటిక ముక్క తడిపి అద్దండి, రక్తం ఆగుతుంది. పొక్కుల మీద మాత్రం రోజూ పటిక రుద్దొద్దు, చర్మం ఎండిపోయి ఇంకా మండుతుంది.

రీఫిల్ ఎప్పుడు మార్చాలి? పట్టీ రంగు చూసి కాదు. గడ్డం కొన మీద మొదటి గీతలో లాగినట్టు అనిపిస్తే మార్చేయండి. రోజూ గీసుకునే మామూలు గడ్డానికి రెండు బ్లేడ్ల రీఫిల్ వారం నుంచి పది రోజులు వస్తుంది. దట్టమైన గడ్డానికి ఇంకా ముందే పోతుంది. ఖర్చు లెక్క కట్టేటప్పుడు ప్యాకెట్ ధర చూడొద్దు, ఒక రీఫిల్ ధరని ఎన్ని రోజులు వచ్చిందో దానితో భాగించండి. ఐదు బ్లేడ్ల రీఫిల్ ఎక్కువ రోజులు వచ్చే మాట నిజమే. అయినా ఈ లెక్క కట్టి చూసుకున్నవాళ్లలో రెండు బ్లేడ్లకు వచ్చినవాళ్లే మా కౌంటర్‌లో ఎక్కువ.

ఇక గార్డ్ సంగతి. రెండు బ్లేడ్లకు మారి, పద్ధతి మార్చి, మూడు నాలుగు వారాలైనా మెడ మీద పొక్కులు తగ్గకపోతే మెడ వరకు ఒకే బ్లేడుకి దిగండి. దాని తల ముందున్న పళ్లు చర్మాన్ని చదును చేస్తాయి, వెంట్రుక చర్మం కిందికి తెగదు. నునుపు ఒక పిసరు తక్కువ, కౌంటర్ అవతలున్న గెస్టుకి ఆ తేడా కనిపించదు. రెండు వైపులా పదునున్న బ్లేడు వేసే పాత స్క్రూ సెట్టు కొనమని కింద కొందరు రాస్తారు, అది నిజంగానే మంచి సలహా, ఖర్చు అన్నిటికంటే తక్కువ. కాకపోతే నేర్చుకోవడానికి సమయం పడుతుంది, డ్యూటీకి వెళ్లే రోజుల్లో మొదలుపెట్టొద్దు. పొక్కుల్లో చీము పట్టినా, నల్లటి మచ్చలు మిగిలిపోతున్నా, రేజర్లు మార్చడం ఆపి చర్మం డాక్టర్‌కి చూపించండి. కొన్నాళ్లు ట్రిమ్మర్‌తో మిల్లీమీటరు ఎత్తు ఉంచమంటారు. హోటల్‌లో ఒప్పుకోరని మీకు అనుమానం ఉంటే డాక్టర్ దగ్గర చీటీ రాయించుకుని హెచ్‌ఆర్‌కి ఇవ్వండి.

ఇప్పటికి వెక్టర్ ప్లస్ రీఫిల్ ప్యాకెట్ ఒకటి కొనండి, పీ-టూని మీసం కోసం పక్కన పెట్టుకోండి. ఎక్సెల్‌కి ఉన్న రీఫిల్స్ పెళ్లిళ్లకూ, ఫొటోలు దిగే రోజులకూ సరిపోతాయి. వెక్టర్ రీఫిల్ మీ పేటలో దొరక్కపోతే ఏ ఏరియానో కింద రాయండి, అక్కడి హోల్‌సేల్ షాపు ఏదైనా తెలిస్తే చెబుతాను.